పరుగు ఖరీదెంత?

జట్టంతా ఒక ఎత్తు, అతనొక్కడూ ఒక ఎత్తు. స్టేడియంలో సగంమంది వీపుల మీద అతని పేరే. అలాంటివాడి ఒప్పందం ముగిసిపోతోంది. అడిగినంతా ఇచ్చి ఉంచుకోవాలా? గిరాకీ ఉండగానే వేరే జట్టుకి ఇచ్చేసి లాభం చూసుకోవాలా? అమెరికన్ ఫుట్‌బాల్‌లో ‘రన్నింగ్ బ్యాక్’ అనే ఆటగాడి విషయంలో ఈ ప్రశ్న ముప్పై అయిదేళ్లుగా యజమానులకు నిద్రలేకుండా చేస్తోంది. నిజంగానే!

2024 మార్చి నెల. న్యూయార్క్ జెయింట్స్ జట్టు యజమాని జాన్ మారా తన జనరల్ మేనేజర్ జో షేన్‌తో మాట్లాడుతున్నాడు. సేక్వాన్ గనక ఫిలడెల్ఫియా జట్టుకి వెళ్లాడంటే తనకు రాత్రిళ్లు నిద్ర పట్టడం కష్టమేనన్నాడు. మామూలుగా అయితే ఆ మాట ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోయేది. కానీ ఆ గదిలో హెచ్‌బీఓ టీవీ కెమెరా ఉంది. జులైలో ఆ కార్యక్రమం ప్రసారమైంది. అమెరికా అంతా ఆ మాట విన్నది. అప్పటికే సేక్వాన్ బార్‌క్లీ ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టులో చేరి నాలుగు నెలలైంది.

ఆ తర్వాత జరిగింది చూస్తే మారా భయం తక్కువే అనిపిస్తుంది. 2024 సీజన్‌లో ఈగల్స్ తరఫున బార్‌క్లీ పరుగెత్తిన దూరం 2,005 గజాలు. వందేళ్లు దాటిన ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో ఒక సీజన్‌లో రెండువేల గజాలు దాటినవాళ్లు అతనితో కలిపి తొమ్మిదిమందే. ప్లేఆఫ్స్ కూడా కలిపితే 2,504. అంత దూరం అంతకుముందు ఎవరూ పోలేదు. 2025 ఫిబ్రవరి 9న, సరిగ్గా తన ఇరవై ఎనిమిదో పుట్టినరోజున, బార్‌క్లీ సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అదే సీజన్‌లో జెయింట్స్ ఆడిన పదిహేడు మ్యాచ్‌ల్లో గెలిచినవి మూడు!

ఇంకేముంది, తప్పంతా జెయింట్స్‌దే అని న్యూయార్క్ అభిమానులు తేల్చేశారు. కానీ లెక్క అంత తేలిగ్గా తెగేది కాదు.

తలుపు తీసేవాళ్లూ ఉండాలి

ముందు ఈ రన్నింగ్ బ్యాక్ ఎవరో తెలుసుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన సాకర్ కాదు. కోడిగుడ్డులా రెండువైపులా కోసుగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఆడతారు. జట్టుకి పదకొండుమంది. క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతిని అందుకుని దూరంగా ఉన్నవాళ్లకి విసురుతాడు. లేదంటే పక్కనే ఉన్న రన్నింగ్ బ్యాక్ చేతిలో పెడతాడు. అది పొట్టకు అదుముకుని అతను జనంలోకి దూరిపోవాలి. ఎదురుగా వంద కిలోలకు తక్కువలేని మనుషులు పట్టి పడేయడానికి సిద్ధంగా ఉంటారు. కబడ్డీలో కూతకెళ్లిన రైడర్‌ని డిఫెండర్లు చుట్టుముట్టినట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ గీత తాకేసి తప్పించుకొచ్చే వీల్లేదు. ప్రతి పరుగూ చాలావరకు ఎవరో ఒకరు మీద పడటంతోనే ముగుస్తుంది. 2024లో బార్‌క్లీ అలా బంతి పట్టుకుని 345 సార్లు పరుగెత్తాడు. ప్లేఆఫ్స్ కాకుండానే!

అతనికి దారి చేసేది ముందు వరుసలో నిలబడే అయిదుగురు లైన్‌మెన్. ఎదుటివాళ్లని పక్కకి నెట్టి సందు తెరవడం వాళ్ల పని. వాళ్ల పేర్లు టీవీలో పెద్దగా వినపడవు. వాళ్లు సందు తెరిస్తే రన్నింగ్ బ్యాక్ హీరో. తెరవకపోతే మొదటి అడుగులోనే నేలమీద ఉంటాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తక్కిన కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

జీతాల లెక్క మాత్రం ఐపీఎల్ చూసేవాళ్లకి కొత్తేం కాదు. వేలంలో ఒక్కో జట్టు ఇంతకు మించి ఖర్చుపెట్టకూడదని పరిమితి ఉంటుంది కదా. ఎన్ఎఫ్ఎల్‌లోనూ అంతే. దాన్ని ‘శాలరీ క్యాప్’ అంటారు. 2023లో అది ఒక్కో జట్టుకి 22.48 కోట్ల డాలర్లు. యజమాని ఎంత శ్రీమంతుడైనా యాభైమందికి పైగా ఉండే జట్టుని అందులోనే సర్దుకోవాలి. ఒకరికి కోటి ఎక్కువిస్తే ఇంకొకరికి కోటి తక్కువ. కాబట్టి ‘ఇతను గొప్పవాడా?’ అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ డబ్బుతో ఇంకేం కొనొచ్చన్నదే ప్రశ్న.

రెండో నంబరు కుర్రాడు

బార్‌క్లీ న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు. పెరిగింది పెన్సిల్వేనియాలో. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి దేశమంతటికీ తెలిశాడు. 2018లో కాలేజీ కుర్రాళ్లని జట్లు పంచుకునే ‘డ్రాఫ్ట్’లో రెండో నంబరుగా జెయింట్స్ అతన్ని ఎంచుకుంది. అప్పటి జనరల్ మేనేజర్ డేవ్ గెటిల్‌మన్ అతన్ని దేవుడు చేయి తాకించి పంపిన ఆటగాడంటూ మురిసిపోయాడు. అదే డ్రాఫ్ట్‌లో ఏడో నంబరుగా జాష్ ఆలెన్, ముప్పై రెండో నంబరుగా లమార్ జాక్సన్ అనే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు వేరే జట్లకి వెళ్లారు. తర్వాతి రోజుల్లో ఇద్దరూ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాళ్లుగా నిలిచారు. జెయింట్స్‌కి అప్పుడు కావలసింది కూడా క్వార్టర్‌బ్యాకే! అది వేరే కథ.

మొదటి ఏడాదే బార్‌క్లీ పరుగులూ, పట్టిన బంతులూ కలిపి 2,028 గజాలు సాధించాడు. ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అందుకున్నాడు. మరి జట్టో? పదహారు మ్యాచ్‌ల్లో గెలిచినవి అయిదు. తర్వాతి ఏడాది నాలుగు. ఆ పై ఏడాది సీజన్ రెండో మ్యాచ్‌లోనే బార్‌క్లీ మోకాలి లిగమెంట్ తెగింది. 2022లో కోలుకుని 1,312 గజాలు పరుగెత్తి జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లేదాకా నాలుగేళ్లూ అతని గొప్పదనం ఒకవైపు, జట్టు ఓటములు మరోవైపు నడిచాయి.

ఇక్కడే అసలు చిక్కు వచ్చిపడింది. 2022 ముగిసేసరికి బార్‌క్లీ మొదటి ఒప్పందం కాలం తీరిపోయింది. జెయింట్స్ ఏడాదికి 12 మిలియన్ డాలర్లకు పైనే, అంటే కోటీ ఇరవై లక్షలకు పైన ఇస్తామని కబురు పంపినట్టు వార్తలొచ్చాయి. అతను ఒప్పుకోలేదు. సరిగ్గా అదే సమయంలో క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్ ఒప్పందమూ ముగిసింది. ఇద్దరిలో ఎవరో ఒక్కరికే పెద్ద ఒప్పందం ఇవ్వగలరు. 2023 మార్చిలో జోన్స్‌కి నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు రాసిచ్చారు. బార్‌క్లీ మెడలో ‘ట్యాగ్’ వేశారు.

మెడలో పలక

ఈ ట్యాగ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 1993 నుంచి అమలవుతున్న ‘ఫ్రాంచైజ్ ట్యాగ్’ నిబంధన ప్రకారం, ఒప్పందం ముగిసిన ఒక ఆటగాణ్ని బయటికి పోనివ్వకుండా జట్టు ఇంకో ఏడాది ఆపుకోవచ్చు. అందుకు అతని స్థానంలో ఆడేవాళ్లలో ఎక్కువ జీతం తీసుకునే మొదటి అయిదుగురి లెక్కను బట్టి వచ్చే మొత్తాన్ని చెల్లించాలి. వినడానికి బాగానే ఉంది. అయిదుగురు గొప్పవాళ్లతో సమానంగా జీతం వస్తే ఎవరికి చేదు?

చేదు ఎక్కడుందంటే, ఆ స్థానం రేటే పడిపోతుంటే! 2017లో రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ విలువ కోటీ 21 లక్షల డాలర్లు. 2023 నాటికి అది కోటి దగ్గరికి దిగిపోయింది. ఆ ఆరేళ్లలో జట్ల ఖర్చు పరిమితి మాత్రం 16.7 కోట్ల నుంచి 22.48 కోట్లకు పెరిగింది. అంటే ఇంట్లో ఆదాయం పెరుగుతూనే ఉంది, ఒక్కడి వాటా మాత్రం తగ్గుతోంది. ఆ ఏడు క్వార్టర్‌బ్యాక్ ట్యాగ్ 3.24 కోట్లు. బంతి పట్టుకునే వైడ్ రిసీవర్‌కి 1.97 కోట్లు. రన్నింగ్ బ్యాక్ కంటే తక్కువ పలికింది బంతిని కాలితో తన్నే కిక్కర్ ఒక్కడే.

ఎందుకిలా అంటే... కాలేజీ నుంచి వచ్చే కుర్రాడు హైస్కూలు ముగించి మూడేళ్లయితేనే డ్రాఫ్ట్‌లోకి రావాలి. వచ్చాక మొదటి నాలుగేళ్ల జీతం ఎంతో 2011 ఒప్పందం ముందే దాదాపుగా కట్టేసింది. బేరం ఆడే హక్కు ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్లకు గానీ రాదు. క్వార్టర్‌బ్యాక్‌కి అది తొలి యవ్వనం. ముప్పై అయిదు దాటినా ఆడతాడు. రన్నింగ్ బ్యాక్‌కి మాత్రం అప్పటికే వెయ్యిసార్లు ఎవరో ఒకరు మీద పడి ఉంటారు. కాళ్లలో చురుకున్నప్పుడు జీతం అడిగే వీల్లేదు. అడిగే వీలు చిక్కేసరికి ‘నీ కాళ్లు అరిగిపోయి ఉంటాయి’ అంటారు. ఆపైన, కొత్తగా వచ్చే ఇరవై రెండేళ్ల కుర్రాడు పదోవంతు జీతానికే సిద్ధంగా ఉంటాడు.

2023 జులైలో ఈ బాధ పంచుకోవడానికి లీగ్‌లోని పేరున్న రన్నింగ్ బ్యాక్‌లంతా జూమ్‌లో కలిశారు. చార్జర్స్ జట్టు ఆటగాడు ఆస్టిన్ ఎకెలర్ దానికి పూనుకున్నాడు. ఆ ఏడు బార్‌క్లీతోపాటు జాష్ జేకబ్స్, టోనీ పొలార్డ్‌లకి కూడా ట్యాగ్ పడింది. జేకబ్స్ అంతకుముందు సీజన్‌లో లీగ్ మొత్తానికి ఎక్కువ దూరం పరుగెత్తినవాడు. అయినా అంతే! సమావేశం తర్వాత క్లీవ్‌లాండ్ ఆటగాడు నిక్ చబ్ అన్న మాట చాలామందిని ఆలోచింపజేసింది. బాగా ఆడటమే నష్టం తెచ్చే స్థానం తమదొక్కటేనని, ఒక ఏడు రెండువేల గజాలు పరుగెత్తితే మర్నాడే అరిగిపోయాడంటారని దాని సారాంశం. చేయగలిగిందేమీ లేదని కూడా తేల్చాడు. రెండు నెలలు తిరక్కుండానే పిట్స్‌బర్గ్‌లో జరిగిన మ్యాచ్‌లో చబ్ మోకాలు ఘోరంగా దెబ్బతింది.

బార్‌క్లీ కొన్నాళ్లు బెట్టుచేసి, చివరికి ఒక్క ఏడాదికే సంతకం పెట్టాడు.

అలిగి కూర్చుంటే?

సంతకం పెట్టకుండా ఇంట్లో కూర్చోవచ్చుగా అనిపిస్తుంది. కూర్చున్నవాళ్లున్నారు. ఒకరికి వజ్రం దొరికింది, మరొకరికి రాయి.

1993లో డాలస్ కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్ జీతం పెంచితే గానీ రానన్నాడు. అంతకుముందు రెండేళ్లూ లీగ్‌లో ఎక్కువ దూరం పరుగెత్తింది అతనే. జట్టు అప్పుడే సూపర్ బౌల్ గెలిచి ఉంది. యజమాని జెర్రీ జోన్స్ మెట్టు దిగలేదు. ఒక కొత్త కుర్రాణ్ని దింపారు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. రెండో ఓటమి తర్వాత సహచరుడు చార్లెస్ హేలీ కోపం పట్టలేక హెల్మెట్ తీసి డ్రెస్సింగ్ రూమ్ గోడకేసి కొట్టాడు. ఆ దెబ్బకి గోడతోపాటు జోన్స్ పట్టుదల కూడా పగిలింది. నాలుగేళ్లకు కోటీ 36 లక్షల డాలర్లకి ఒప్పందం కుదిరింది. స్మిత్ వచ్చాడు, జట్టు వరసగా రెండో సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఏడాది లీగ్‌లోనూ, ఫైనల్లోనూ ఉత్తమ ఆటగాడు అతనే. తర్వాత పదేళ్లకు పైగా ఆడి 18,355 గజాల రికార్డు నెలకొల్పాడు. అది ఇంకా చెక్కుచెదరలేదు.

ఆ ధైర్యమే పాతికేళ్ల తర్వాత లెవియన్ బెల్‌ని దెబ్బతీసింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతనికి వరసగా రెండోసారి ట్యాగ్ వేసింది. 2018 సీజన్‌కి కోటీ 45 లక్షల డాలర్లు. అంతకుముందు సీజన్‌లో 406 సార్లు బంతి తన చేతుల్లో పడిందనీ, ఇలా ఏటా పిండేస్తే తనకు మిగిలేదేంటనీ బెల్ ఆలోచన. అందులో తప్పేమీ లేదు. మొత్తం సీజన్ మానేశాడు. కోటీ 45 లక్షలూ వదులుకున్నాడు. నవంబరులో ఇక రాడని తేలిపోయాక సహచరులు అతని లాకర్ తెరిచి బూట్లూ గట్రా పంచేసుకున్నారు! అతని స్థానంలో ఆడిన జేమ్స్ కానర్ క్యాన్సర్‌ని జయించి వచ్చిన కుర్రాడు. పదమూడు మ్యాచ్‌ల్లో 973 గజాలు పరుగెత్తాడు. బెల్‌కి 2019లో న్యూయార్క్ జెట్స్ జట్టు నాలుగేళ్లకు 5.25 కోట్లు ఇచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి వదిలేసింది.

తేడా ఎక్కడుంది? స్మిత్ అడిగింది గెలిచే జట్టుని. అతను లేకపోతే ఏం పోతుందో రెండు మ్యాచ్‌ల్లోనే అందరి కళ్లకీ కనిపించింది. బెల్ వెళ్లింది ఓడే జట్టుకి. అక్కడ దారి తీసేవాళ్లే లేరు. మొదటి సీజన్‌లో ఒక్కో పరుగుకి అతనికి దక్కింది సగటున మూడు గజాల పైచిలుకే.

అమ్మినవాడికీ కొన్నవాడికీ

ఇచ్చేసి బాగుపడ్డ జట్టు అనగానే అందరూ చెప్పేది మళ్లీ డాలస్ పేరే. 1989 అక్టోబరు. అప్పటికి అయిదు మ్యాచ్‌లాడి అయిదూ ఓడింది డాలస్. జట్టులో పేరున్న ఆటగాడు రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్ ఒక్కడే. కోచ్ జిమ్మీ జాన్సన్ అతన్ని మిన్నెసోటా వైకింగ్స్‌కి ఇచ్చేశాడు. బదులుగా ఆటగాళ్లూ, రాబోయే డ్రాఫ్ట్‌లలో ఎంపిక హక్కులూ గుట్టగా తీసుకున్నాడు. అటూ ఇటూ చేతులు మారిన ఆటగాళ్లూ హక్కులూ కలిపి లెక్కేస్తే 18! అప్పట్లో డాలస్ పత్రికలు నవ్వాయి. ఆ ఏడు జట్టు గెలిచిన మ్యాచ్ ఒక్కటే. కానీ ఆ హక్కులతో కూడగట్టిన కుర్రాళ్లే తర్వాత నాలుగేళ్లలో మూడు సూపర్ బౌల్స్ తెచ్చారు. పైన చెప్పుకున్న ఎమిట్ స్మిత్ కూడా ఆ బేరం పుణ్యమే. వాకర్‌కి మిన్నెసోటాలో ఒక్క సీజన్‌లోనూ వెయ్యి గజాలు రాలేదు.

ఇద్దరూ బాగుపడ్డ బేరమూ ఒకటుంది. 1999లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ తన రన్నింగ్ బ్యాక్ మార్షల్ ఫాక్‌ని సెయింట్ లూయిస్ రామ్స్‌కి రెండు డ్రాఫ్ట్ హక్కులకు ఇచ్చేసింది. ఆ ఏడే ఫాక్ 2,429 గజాలు సాధించాడు, రామ్స్ సూపర్ బౌల్ గెలిచింది. కోల్ట్స్ ఏమైనా నష్టపోయిందా? అతని స్థానంలో డ్రాఫ్ట్ చేసిన ఎజరిన్ జేమ్స్ అనే కుర్రాడు ఆ సీజన్‌లోనే లీగ్ మొత్తానికి ఎక్కువ దూరం పరుగెత్తాడు. ముందటేడు మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టు పదమూడు గెలిచింది.

డబ్బు పోసి ఉంచుకున్నవాళ్లలో చేతులు కాల్చుకున్నవాళ్లకీ కొదవలేదు. 2018లో లాస్ ఏంజెలెస్ రామ్స్ తన రన్నింగ్ బ్యాక్ టాడ్ గర్లీ ఒప్పందాన్ని 5.75 కోట్లతో మరో నాలుగేళ్లు పొడిగించింది. ఆ సీజన్ చివరికొచ్చేసరికి అతని మోకాలు మొరాయించింది. 2020 మార్చిలో, ఆ పొడిగించిన నాలుగేళ్లూ ఇంకా మొదలుకాకముందే, వదిలేశారు. డాలస్ ఎజెకీల్ ఎలియట్‌కి 2019లో ఆరేళ్లకు 9 కోట్లు రాసిచ్చి 2023లో పంపేసింది.

క్రిస్టియన్ మెకాఫ్రీ కథ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కారొలైనా పాంథర్స్ 2020లో అతనికి నాలుగేళ్లకు 6.4 కోట్లిచ్చింది. తర్వాతి రెండు సీజన్లు కలిపి అతను ఆడింది పది మ్యాచ్‌లు. 2022 అక్టోబరులో నాలుగు డ్రాఫ్ట్ హక్కులు తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. అక్కడ అతను 2023లో లీగ్ ఉత్తమ అటాకింగ్ ఆటగాడయ్యాడు, జట్టుని సూపర్ బౌల్‌కి చేర్చాడు. ఓడే జట్టులో భారంగా కనిపించిన మనిషే గెలిచే జట్టులో బంగారమయ్యాడు. జీతం అదే, కాళ్లూ అవే.

ఆ అక్టోబరు చివరి రోజు

ఇప్పుడు జెయింట్స్ దగ్గరికి వద్దాం. బార్‌క్లీకి పెద్ద ఒప్పందం ఇవ్వకపోవడం తప్పా? నిజం చెప్పాలంటే, కాదు. అతనున్న ఆరేళ్లలో జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది ఒక్కసారే. ముందు వరుస లైన్‌మెన్ బలహీనం. సందు తెరిచేవాళ్లు లేనిచోట పరుగెత్తేవాడికి కోట్లు పోయడం, రోడ్డు వేయకుండా కారు కొనడమే. అతను వెళ్లిపోయాక 2024 సీజన్‌లో టైరోన్ ట్రేసీ అనే కొత్త కుర్రాడు జెయింట్స్‌కి 839 గజాలు పరుగెత్తాడు. ఏడాదికి సగటున పది లక్షల డాలర్ల జీతంతో. బార్‌క్లీ అక్కడ ఆడిన చివరి సీజన్‌లో, కోటి డాలర్లకి, చేసింది 962. గాయంతో మూడు మ్యాచ్‌లు పోయిన మాట నిజమే గానీ ఖాతా పుస్తకం చూసేవాడికి ఆ రెండు అంకెల మధ్య తేడా 123 గజాలు, 90 లక్షల డాలర్లు.

తప్పు మరోచోట జరిగింది. 2023 అక్టోబరు 31. ఆ సీజన్‌లో ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి రోజు. జెయింట్స్ అప్పటికి ఎనిమిది మ్యాచ్‌లాడి ఆరు ఓడింది. ఇక ఆ ఏడు ఆశ లేదు. బార్‌క్లీ ఉండేది మరో రెండు నెలలే. సరిగ్గా ఏడాది కిందట మెకాఫ్రీకి నాలుగు హక్కులు పలికిన సంగతి అందరికీ గుర్తుంది. అయినా కదల్లేదు. యజమానికి అతనంటే ఇష్టం. అభిమానులకి అంతకంటే ఇష్టం. డబ్బిచ్చే ఇష్టం కాదు, వదులుకునే ధైర్యమూ కాదు. అయిదు నెలలు గడిచాయి. 2024 మార్చిలో ట్యాగ్ మళ్లీ వేయలేదు, ఒప్పందమూ ఇవ్వలేదు. క్వార్టర్‌బ్యాక్‌కి ఏడాదికి 4 కోట్లిస్తున్నది బంతిని రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టడానికి కాదని జనరల్ మేనేజర్ షేన్ అదే టీవీ కార్యక్రమంలో వాదించాడు. మాట సబబే. కాకపోతే ఆ క్వార్టర్‌బ్యాక్‌ని కూడా ఆ నవంబరులోనే వదిలేసుకోవలసి వచ్చింది.

అలా బార్‌క్లీ ఊరికే చేయి జారిపోయాడు. అదీ ఎవరికి? రెండు గంటల ప్రయాణం దూరంలో ఉండి, ఏటా రెండుసార్లు తలపడే ఆగర్భ శత్రువుకి. ఈగల్స్ ఇచ్చింది మూడేళ్లకు 3.77 కోట్లు. అందులో 2.6 కోట్లకు హామీ. ఈగల్స్ జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ అంతకుముందు రన్నింగ్ బ్యాక్‌లకి ఇలా డబ్బు పోసే రకం కాదు. కానీ అతని దగ్గర అప్పటికే లీగ్‌లోకెల్లా గట్టి ముందు వరుస ఉంది. అందులో ఆరడుగుల ఎనిమిదంగుళాల జోర్డన్ మైలాటా ఒకడు. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుకునే ఈ భారీకాయుడు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటైనా ఆడకుండానే డ్రాఫ్టయ్యాడు. అలాంటివాళ్ల వెనక పరుగెత్తడం బార్‌క్లీకి జీవితంలో మొదటిసారి.

2024 అక్టోబరు 20న బార్‌క్లీ పాత ఇంటికి ప్రత్యర్థిగా వచ్చాడు. స్టేడియం అంతా అరిచి గోలచేసింది. 17 పరుగుల్లో 176 గజాలు! ఈగల్స్ 28-3తో గెలిచింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమానులకు ఈ మంట తెలుసు. 2016లో కప్పు తెచ్చిపెట్టిన డేవిడ్ వార్నర్‌ని వదిలేస్తే, 2022లో ఢిల్లీ జెర్సీ వేసుకొచ్చి అదే సన్‌రైజర్స్ మీద 92 నాటౌట్ కొట్టాడు.

వంద గజాల దూరంలో

ఆ సీజన్ ఆఖరి మ్యాచ్‌కి ఒక తమాషా జరిగింది. 1984లో ఎరిక్ డికర్సన్ నెలకొల్పిన 2,105 గజాల సీజన్ రికార్డు దాటడానికి బార్‌క్లీకి కావలసింది 101 గజాలు. ప్రత్యర్థి ఎవరనుకున్నారు... జెయింట్స్! నలభై ఏళ్ల రికార్డు వాళ్ల మీదే బద్దలైతే మారాకి ఆ రాత్రి నిద్ర ఎలా ఉండేదో! కానీ ఈగల్స్ కోచ్ నిక్ సిరియాని అతన్ని ఆడించలేదు. ప్లేఆఫ్స్ ముందు కాళ్లకి విశ్రాంతి కావాలన్నాడు. రన్నింగ్ బ్యాక్ కాళ్లకి ఎంత ఆయుష్షుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఉన్నంతలో పొదుపుగా వాడుకోవడమే తెలివి. ఆ పొదుపు ఫలించింది. నెల తర్వాత కప్పు వచ్చింది.

2025 మార్చిలో ఈగల్స్ అతనికి మరో రెండేళ్లకు 4.12 కోట్లిచ్చింది. ఏడాదికి రెండు కోట్లు దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్ అతనే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి సీజన్‌లో ఏమైంది? ముందు వరుసలో గాయాలు. సందులు మూసుకుపోయాయి. బార్‌క్లీ గజాలు బాగా పడిపోయాయి. చబ్ మాట మళ్లీ గుర్తొచ్చింది జనానికి.

ఇక జెయింట్స్. 2025 డ్రాఫ్ట్ నాలుగో రౌండులో, 105వ నంబరుగా, క్యామ్ స్కాటబో అనే కుర్రాణ్ని తెచ్చుకున్నారు. మొరటుగా, ఎవరొచ్చినా గుద్దుకుంటూ పోయే రకం. అక్టోబరు 9న సొంత మైదానంలో ఈగల్స్ మీదే మూడు టచ్‌డౌన్లు చేసి గెలిపించాడు. బార్‌క్లీ జెర్సీలు అటకెక్కించినవాళ్లంతా వెళ్లి స్కాటబో జెర్సీలు కొనుక్కున్నారు. పదిహేడు రోజుల తర్వాత ఫిలడెల్ఫియాలో రెండో మ్యాచ్. ఒకవైపు బార్‌క్లీ ఆరంభంలోనే 65 గజాలు ఒక్క ఊపున పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మరోవైపు స్కాటబో కిందపడ్డప్పుడు కుడికాలి చీలమండ పక్కకు తిరిగిపోయింది. బండి మీద బయటికి తీసుకెళ్లి ఆ రాత్రే ఆపరేషన్ చేశారు.

అతని మొదటి ఒప్పందం నాలుగేళ్లు. 2028 సీజన్‌తో ముగుస్తుంది.